137వ రైతు పేరు ఎక్కడ తెగింది: ఫైళ్లు, స్ట్రీముల మీద నల్గొండలో మాట్లాడిన మాటలు

(డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలతో మాట్లాడినప్పటి రికార్డింగ్ విని రాసింది. మైకు కీచుమన్న చోట్లు, నేను తడబడ్డ చోట్లు తీసేశాను. మిగతాది మాట్లాడినట్టే ఉంచాను.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినిపిస్తోందా? సరే.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ మీద మాట్లాడమని పిలిచారు. ఈ టాపిక్ సిలబస్‌లో ఆఖర్న ఉంటుంది, అప్పటికి పరీక్షలు మీద పడతాయి, సార్లు రెండు క్లాసుల్లో గబగబా లాగించేస్తారు, మనం ఇన్‌పుట్ స్ట్రీమ్‌కూ రీడర్‌కూ మధ్య తేడాలు ఐదు పాయింట్లు బట్టీ పట్టి గట్టెక్కుతాం. నేనూ అట్లనే గట్టెక్కాను. ఇవాళ ఆ ఐదు పాయింట్లు చెప్పను. నేను పాడు చేసిన ఒక ఫైలు గురించి చెప్తాను.

పదేళ్లు దాటింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు, శని ఆదివారాలు ఊరికి వచ్చేవాణ్ణి. మా ఊరి దగ్గర వడ్ల కొనుగోలు సెంటర్ ఒకటి నడిచేది. కాంటాలన్నీ అయ్యాక సాయంత్రం ఒక పిల్లగాడు కూర్చుని, రిజిస్టర్ చూసుకుంటూ రైతు పేరు, ఖాతా నంబరు, ఎన్ని బస్తాలు, ఎంత పైసలు అని ఒక టెక్స్ట్ ఫైలు తయారు చేసి పైకి పంపాలి. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, దీన్ని జర ఈజీ చెయ్యరాదూ" అన్నాడు. మనకు ఊళ్లో ఆ మాత్రం పేరు రావడం కంటే ఏం కావాలి? రెండు రోజులు కూర్చుని జావాలో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను.

ఫైలు ఎట్లుండాలో పైవాళ్లు ముందే చెప్పారు. రైతుకు ఒక లైను. లైను చివరి గుర్తుతో కలిపి సరిగ్గా 60 అక్షరాలు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే. మొదటి 4 వరస నంబరు, తర్వాత 18 ఖాతా నంబరు, ఆ తర్వాత పేరు, చివర్లో బస్తాలు, పైసలు. ఎక్కడైనా తక్కువ పడితే ఖాళీలతో నింపాలి. నా కోడ్‌లో బఫర్డ్ రైటర్ (ఫైల్‌లో అక్షరాలు రాయడానికి జావా ఇచ్చే ఆబ్జెక్టు) తెరిచాను, లూప్ పెట్టి ఒక్కో రైతును రాశాను, లూప్ అయ్యాక మొత్తం బస్తాల లెక్క రిజిస్టర్‌తో కలిసిందా లేదా చూశాను, కలవకపోతే "లెక్క కలవలేదు" అని ఒక డబ్బా చూపించి అక్కడినుంచి రిటర్న్, కలిస్తే కిందికి వచ్చి క్లోజ్. టెస్ట్ చేసినప్పుడు ప్రతిసారీ లెక్క కలిసింది. నేనే రాసుకున్న లెక్క కదా, ఎందుకు కలవదు?

సీజన్ నడుమ ఒకరోజు 300 మంది రైతులు వచ్చారు. ఒక బస్తా తడిసిందని వెనక్కి ఇచ్చారు, రిజిస్టర్‌లో మాత్రం కొట్టేయలేదు. లెక్క ఒక్క బస్తా తేడా వచ్చింది, డబ్బా కనిపించింది, పిల్లగాడు ఓకే నొక్కాడు, ప్రోగ్రామ్ మూసేశాడు, ఫోల్డర్‌లో ఫైలు ఉంది కదా అని పంపేశాడు. వాడి తప్పేమీ లేదు. ఫైలు ఉంది మరి.

ఇక్కడ బోర్డు మీద లెక్క వేస్తా, చూడండి. 300 లైన్లు, లైనుకు 60, ఇక్కడ ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, మొత్తం 18,000 బైట్లు ఉండాలి. ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే సరిగ్గా 8,192 ఉన్నాయి. 60 పెట్టి భాగిస్తే 136 మంది పూర్తిగా ఉన్నారు, 8,160 అక్కడికి అయిపోయింది, ఇంకో 32 మిగిలాయి. అంటే 137వ రైతుది వరస నంబరు ఉంది, ఖాతా నంబరు ఉంది, పేరులో 10 అక్షరాలు ఉన్నాయి, అక్కడ తెగింది. ఇంటిపేరు వచ్చి, అసలు పేరు సగంలో ఆగింది. ఆయన తర్వాత 163 మంది అసలు లేనే లేరు.

నాకు మొదట అర్థం కాలేదు. లూప్ 300 సార్లు తిరిగింది, ఎర్రర్ రాలేదు, రైట్ అన్న మెథడ్‌ను 300 సార్లు పిలిచాను. రాయమన్నాను, రాశానంది. ఎక్కడికి పోయినట్టు?

మీలో మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలారని పొద్దున పేపర్‌లో వస్తుంది. వదిలిన మాట నిజమే. మరి అదే రోజు చివరి ఆయకట్టు మడిలో నీళ్లు పారుతాయా? మెయిన్ కాల్వ నిండాలి, మేజర్‌లోకి రావాలి, మైనర్‌లోకి రావాలి, తూము దగ్గర ఎవరన్నా అడ్డం పెట్టకుండా ఉండాలి. పేపర్‌లో వార్త చూసి నారు పీకిన రైతు ఎవరన్నా ఉన్నాడా? మనం మాత్రం రైట్ అనగానే రాసేసిందని నమ్ముతాం.

నా 18,000 బైట్లు ఎక్కడెక్కడ ఆగాయో చెప్తా. బఫర్డ్ రైటర్ అనేది అక్షరాలు దాచుకునే తొట్టి. జావాలో దాని మామూలు సైజు 8,192 అక్షరాలు. అది నిండితే కిందికి వదులుతుంది. కింద ఏముంది? ఫైల్ రైటర్. దాని కడుపులో అక్షరాలను బైట్లుగా మార్చే ఎన్‌కోడర్ ఒకటుంది, దానికీ సొంత తొట్టి ఉంది, నేను వాడిన వెర్షన్‌లో అదీ 8,192 బైట్లే. ఇది నిండి పొంగితేనే ఫైల్‌లోకి పోతుంది. మొదటి 8,192 పై తొట్టిలోంచి కింద తొట్టిలోకి దిగాయి, అక్కడ నిండుగా కూర్చున్నాయి, ఫైల్‌లో ఇంకా సున్నా. రెండో 8,192 దిగేసరికి కింద తొట్టి పొంగి మొదటివి ఫైల్‌లోకి పోయాయి, రెండోవి వాటి జాగాలో కూర్చున్నాయి. మిగిలిన 1,616 పై తొట్టి అడుగున ఉన్నాయి. అప్పుడు నా రిటర్న్ వచ్చింది. ప్రోగ్రామ్ చచ్చిపోయింది. తొట్లలో ఉన్నవి తొట్లతోనే పోయాయి. క్లోజ్ పిలిచి ఉంటే అది ముందు పై తొట్టి, తర్వాత కింద తొట్టి ఖాళీ చేయించి అప్పుడు మూసేది. ప్రోగ్రామ్ అయిపోతోంది కదా, జావానే చూసుకుంటుందిలే అనుకోవద్దు. ప్రోగ్రామ్ అయిపోయేటప్పుడు బఫర్డ్ రైటర్‌ను జావా తనంతట తను ఫ్లష్ చేయదు, అంటే తొట్టి ఖాళీ చేయించదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. ఫైల్ కోడ్ రాసేటప్పుడు ప్రతి లైను దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: నా డేటా ఇప్పుడు ఏ తొట్టిలో ఉంది? స్ట్రీముల్లో వచ్చే తలనొప్పుల్లో ముప్పావు వంతు ఈ ప్రశ్నతోనే దొరుకుతాయి.

మరి ఈ తొట్లు ఎందుకు, నేరుగా రాయొచ్చు కదా అని అడగొచ్చు. రాయొచ్చు. కల్లంలో ఒక్కో వడ్ల గింజ పట్టుకుని కాంటా దగ్గరికి పోయి రావచ్చు కూడా, ఎవరూ పట్టుకోరు. కానీ 40 కిలోల బస్తా నింపే పోతాం కదా. ఫైల్‌లో రాయాలంటే మీ ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలవాలి. ఆ పిలుపు ఖరీదైనది. ఒక్కో బైటు చొప్పున అయితే నా ఫైలుకు 18,000 పిలుపులు, తొట్టితో అయితే మూడు. పానగల్లు ఉదయసముద్రం ఎందుకుంది? పుట్టంగండి దగ్గర మోటార్లు ఎత్తే లెక్క వేరు, ఇక్కడ కాల్వలు తాగే లెక్క వేరు, రెండింటి నడుమ ఒక బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ కావాలి. బఫర్ అంటే అదే. అది శత్రువు కాదు. అది ఉందన్న సంగతి మర్చిపోవడం దగ్గరే చిక్కు.

ఇప్పుడు ఇందులో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ఎక్కడుంది అంటారా, వస్తున్నా.

స్ట్రీమ్ అంటే పారేది. ఈ నీళ్ల పోలిక నా సొంతం కూడా కాదు. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ అని ఒకాయన 1964లోనే ఒక కాగితం మీద రాసుకున్నాడు, తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికి ఒకటి బిగించినట్టు ప్రోగ్రాములను బిగించుకునే వీలు ఉండాలి అని. 1973లో అది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పైపు అయింది. డ్రిప్పు పైపులు బిగించిన చేతులకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అటు చివర బోరు ఉందా, ట్యాంకర్ ఉందా అని పైపు అడగదు. నీళ్లు వస్తే చాలు.

ఇన్‌పుట్ స్ట్రీమ్ అన్న క్లాసు చేసేదీ అదే. అటువైపు ఫైలు ఉండనీ, నెట్‌వర్క్ ఉండనీ, మెమొరీలో బైట్ల వరస ఉండనీ, మీ కోడ్‌కు కనిపించేది రీడ్ అనే మెథడ్ ఒక్కటే. పాలిమార్ఫిజం, అంటే ఒకే పిలుపుకు ఒక్కో ఆబ్జెక్టు తన తీరున పలకడం, దాన్ని కుక్క మొరుగును, పిల్లి మ్యావ్ అనును అని పుస్తకాల్లో చదివి విసిగిపోయినవాళ్లు ఒకసారి ఇటు చూడండి, అసలైన పాలిమార్ఫిజం ఇక్కడుంది, రోజూ అన్నం పెట్టేది.

దీని పైన ఇంకో సొగసు ఉంది. మన నల్గొండ పేరు ప్రపంచంలో నీళ్ల ఇంజినీర్లందరికీ తెలుసు, సంతోషపడే కారణంతో కాదనుకోండి. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు తయారు చేశారు. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో వేసి బాగా కలియబెట్టి, ముద్దలు అడుగుకు దిగనిచ్చి, పై తేట వడకడతారు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ప్రతి దశలోకీ పోయేది నీళ్లే, ప్రతి దశలోంచి వచ్చేదీ నీళ్లే. అందుకే ఒకదాని వెనక ఒకటి పెట్టుకోగలుగుతాం.

జావాలో సరిగ్గా ఈ పని చేసే క్లాసు ఉంది, దాని పేరే ఫిల్టర్ ఇన్‌పుట్ స్ట్రీమ్. తను ఒక స్ట్రీము, తన కడుపులో ఇంకో స్ట్రీమును పెట్టుకుంటుంది. దాని పిల్లలే బఫర్డ్ ఇన్‌పుట్ స్ట్రీమ్, డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్, జిప్ చేసినదాన్ని విప్పే స్ట్రీములు. ఫైల్ స్ట్రీమును తెచ్చి బఫర్డ్‌లో పెట్టి, దాన్ని తెచ్చి జీజిప్‌లో పెట్టి, దాన్ని తెచ్చి రీడర్‌లో పెట్టి, ఇట్లా ఉల్లిగడ్డ పొరల్లాగ చుట్టుకుంటూ పోవచ్చు. డిజైన్ ప్యాటర్న్స్‌లో దీన్ని డెకరేటర్ అంటారు. మొదటిసారి ఆ కోడ్ చూసినప్పుడు, ఒక ఫైలు చదవడానికి మూడు సార్లు న్యూ అని రాయాలా అని నేను తిట్టుకున్నాను. ఇప్పటికీ కొంచెం తిట్టుకుంటా, కోడ్ చూడ్డానికి బాగుండదు, కానీ ఒక్కో న్యూ ఒక్కో దశ అని తెలిశాక చదవడం మాత్రం వచ్చింది.

దీని నుంచి ఒక అలవాటు చేసుకోండి. మీరు రాసే మెథడ్‌కు ఫైలు పేరు ఇవ్వకండి, రైటర్‌ను ఇవ్వండి. ఫైలు పేరు ఇస్తే అది ఫైల్‌లో తప్ప ఇంకెక్కడా రాయలేదు. రైటర్ ఇస్తే టెస్ట్ చేసేటప్పుడు మెమొరీలోనే రాసుకునే స్ట్రింగ్ రైటర్ ఇచ్చి, డిస్క్ ముట్టుకోకుండానే 300 లైన్లు వచ్చాయా లేదా లెక్కపెట్టుకోవచ్చు. తెరిచినవాడే మూయాలి, మెథడ్‌కు చేతికి ఇచ్చిన రైటర్‌ను ఆ మెథడ్ మూయకూడదు. పక్కింటివాళ్ల మోటారు అడిగి వాడుకుని స్టార్టర్ పీకి పారేస్తే ఎట్లుంటుంది?

ఈ తప్పు మీరందరూ చేసే ఉంటారు, ఒప్పుకోండి. కీబోర్డు నుంచి చదవడానికి స్కానర్ తెరిచి, పని అయ్యాక మంచి పిల్లల్లాగ క్లోజ్ చేసి, ఇంకో మెథడ్‌లో ఇంకో స్కానర్ తెరిస్తే, "నో సచ్ ఎలిమెంట్" అని ఎర్రర్. బయటి పొర మూస్తే లోపలి పొర కూడా మూసుకుంటుంది. లోపల ఉన్నది సిస్టమ్ డాట్ ఇన్. అది మీరు తెరిచింది కాదు, ఒక్కసారి మూశారంటే ఆ ప్రోగ్రామ్‌కు మళ్లీ కీబోర్డు లేదు.

నా ప్రోగ్రామ్ ఎట్లా బాగుచేశానంటే, ట్రై పక్కన బ్రాకెట్‌లో రైటర్ తెరిచాను, అంతే. జావా 7తో 2011లో వచ్చింది ఈ సౌకర్యం. లోపల రిటర్న్ వచ్చినా, ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) వచ్చినా, బయటికి పోయేముందు అదే మూస్తుంది. రెండు మూడు తెరిస్తే చివర తెరిచింది ముందు మూస్తుంది. అంతకుముందు ఫైనల్లీలో మూసేవాళ్లం, ఆ మూసేటప్పుడు కూడా ఎక్సెప్షన్ రావచ్చు కాబట్టి ఫైనల్లీలో మళ్లీ ట్రై, చూస్తే కడుపులో తిప్పేది. నేను ప్రోగ్రామ్ రాసేనాటికి ఈ సౌకర్యం ఉంది. నాకు తెలియదు, ఎందుకంటే నేను చదివిన నోట్సు సీనియర్ల జిరాక్సు, ఆ సీనియర్లది వాళ్ల సీనియర్ల జిరాక్సు.

సీ ప్లస్ ప్లస్ వాళ్లు నవ్వుకుంటున్నారు, చూస్తున్నా. వాళ్లకు ఆ గొడవ తక్కువే. ఫైల్‌లో రాసే ఓఎఫ్‌స్ట్రీమ్ ఆబ్జెక్టు తన స్కోపు, అంటే తను పుట్టిన బ్రాకెట్ల హద్దు, దాటగానే డిస్ట్రక్టర్ (ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే కోడ్) నడిచి ఫైలు మూసుకుంటుంది, రిటర్న్ ఎక్కడ పెట్టినా సరే. కానీ మీకు వేరే గుంత ఉంది. "ఈఓఎఫ్ (ఫైలు అయిపోయిందన్న గుర్తు) కానంతవరకు చదువు" అని వైల్ లూప్ రాస్తారు, ఆఖరి లైను రెండుసార్లు వస్తుంది. ఎందుకు? బోరు ఎండిందన్న సంగతి ఎప్పుడు తెలుస్తుంది, మోటారు వేసి గాలి కొట్టినప్పుడు. వేయకముందు తెలియదు. ఈఓఎఫ్ గుర్తు కూడా అంతే, చదవబోయి ఏమీ దొరకనప్పుడే పడుతుంది. కాబట్టి చదవడాన్నే వైల్ లోపల షరతుగా పెట్టండి, దొరికితేనే లోపలికి పోతుంది.

(ఇక్కడ కరెంటు పోయింది, జనరేటర్ వచ్చేదాకా ఐదారు నిమిషాలు రికార్డింగ్ లేదు.)

కరెంటు గురించే చెప్పాలి అనుకుంటుండగా అదే చెప్పి పోయింది. ఫ్లష్ చేశాం, క్లోజ్ చేశాం, ఇంక డేటా డిస్క్‌లో ఉన్నట్టేనా? ఇంకా కాదు. అది ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి పోయింది. దానికీ ఒక తొట్టి ఉంది, మెమొరీలో పెట్టుకుని తన వీలు చూసుకుని డిస్క్‌కు దించుతుంది. మీ ప్రోగ్రామ్ చచ్చినా ఫరవాలేదు, డేటా బతుకుతుంది. కరెంటే పోతే మాత్రం గ్యారంటీ లేదు. డిస్క్ దాకా పోయిందాకా కదలొద్దు అని చెప్పాలంటే ఫైల్ డిస్క్రిప్టర్ మీద సింక్ అనో, ఫైల్ ఛానెల్ మీద ఫోర్స్ అనో పిలవాలి. నెమ్మదిగా నడుస్తుంది, ప్రతి లైనుకూ వాడొద్దు. పైసల లెక్క అయితే చివర్లో ఒకసారి వాడండి.

ఇంకోటి, దీనికి చాలామంది బలయ్యారు. ఉన్న ఫైలు పేరు పెట్టి ఫైల్ రైటర్ తెరిస్తే, తెరిచిన ఆ క్షణంలోనే పాత ఫైలు ఖాళీ అయిపోతుంది. మీరు ఒక్క అక్షరం రాయక ముందే. చివర్న కలపాలంటే రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇవ్వాలి. మొత్తం తిరగరాయాలంటే వేరే పేరుతో కొత్త ఫైలు రాసి, మూసి, అంతా బాగుందనుకున్నాక పాతదాని పేరు దానికి పెట్టేయండి. నడుమ ఏం జరిగినా పాతది ఉంటుంది.

ఇప్పుడు తెలుగు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే మీ పుస్తకాల్లో ఉదాహరణలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఇంగ్లిష్‌లో ఈ రోగం బయటపడదు.

నల్గొండ అని తెలుగులో రాయండి. కంటికి మూడు ముక్కలు కనిపిస్తాయి. యూనికోడ్ లెక్కలో, అంటే అన్ని భాషల గుర్తులకూ నంబర్లు ఇచ్చే పట్టికలో, ఏడు: న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ. ఆ నంబర్లను బైట్లుగా మార్చే పద్ధతుల్లో ఒకటి యూటీఎఫ్-8, అందులో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, అంటే మొత్తం 21. "న" ఒక్కదాన్నే తీసుకుంటే ఆ మూడు బైట్లు 224, 176, 168. తెలుగులో ఏ గుర్తు తీసుకున్నా మొదటి బైటు 224 ఉంటుంది, రెండోది 176 గానీ 177 గానీ ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకుంటే పనికొస్తుంది. తెలుగు ఫైలు తెరిస్తే నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కన ఎండ డిగ్రీలకు పెట్టే చిన్న సున్నా, మళ్లీ అదే ఎ, మళ్లీ సున్నా, ఇట్లా వరసగా కనిపించిందా? అవి 224, 176. ఫైలు బాగానే ఉంది, చదివేవాడు దాన్ని విండోస్ పాత ఇంగ్లిష్ ఎన్‌కోడింగ్ అనుకుంటున్నాడు. చదివే కోడ్‌లో యూటీఎఫ్-8 అని చెప్పండి, తెలుగు తిరిగొస్తుంది.

అదే ప్రశ్నార్థకాలు కనిపించాయనుకోండి, అప్పుడు భయపడాలి. రాసేటప్పుడు ఎన్‌కోడర్‌కు తెలుగు తెలియదు, తెలియని ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం పెట్టింది. నల్గొండకు ఏడు ప్రశ్నార్థకాలు. పాలమూరుకు ఎన్ని? ప, దీర్ఘం, ల, మ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. ఏడే. రెండు జిల్లాలూ ఒకే ఏడు ప్రశ్నార్థకాలు అయిపోయాయి, ఏది ఏదో దేవుడు కూడా చెప్పలేడు. (నవ్వులు)

ఇది ఎందుకు జరిగేదంటే, పాత జావాలో ఫైల్ రైటర్‌కు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఆ కంప్యూటర్‌ది ఏదుంటే అది తీసుకునేది. లినక్స్‌లో బాగా నడిచిన ప్రోగ్రామ్ ఆఫీసులో విండోస్ మీద ప్రశ్నార్థకాలు కక్కేది. ఫైల్ రీడర్‌కు, ఫైల్ రైటర్‌కు ఎన్‌కోడింగ్ చెప్పే వీలు కూడా 2018లో జావా 11తోనే వచ్చింది. 2022లో జావా 18 నుంచి ఏమీ చెప్పకపోతే యూటీఎఫ్-8 అని పెట్టారు. మీ కాలేజీ ల్యాబుల్లో ఏ వెర్షన్ ఉందో నేను అడగను, మీరు చెప్పొద్దు. ఎప్పుడూ పేరు పెట్టి యూటీఎఫ్-8 అని రాయండి, ఏ వెర్షన్ అయినా గొడవుండదు.

రీడర్‌కూ ఇన్‌పుట్ స్ట్రీమ్‌కూ తేడా కూడా ఇక్కడే ఉంది. స్ట్రీమ్ బైట్లు ఇస్తుంది, రీడర్ అక్షరాలు ఇస్తుంది. కొందరు తెలివిగా 8,192 బైట్లు చదివి, దాన్ని స్ట్రింగ్ చేసి, మళ్లీ 8,192 చదివి స్ట్రింగ్ చేసి అతికిస్తారు. 8,192ను మూడుతో భాగించండి. 2,730 గుర్తులు పోగా రెండు బైట్లు మిగులుతాయి. అంటే ఫైలంతా తెలుగే అయితే 2,731వ గుర్తు రెండు ముక్కలై ఒక ముక్క ఈ స్ట్రింగ్‌లో, ఒక ముక్క ఆ స్ట్రింగ్‌లో పడి రెండూ చెడిపోతాయి. రీడర్ అయితే మిగిలిన ముక్కను దాచి తర్వాతి దానితో కలుపుతుంది. ఇంగ్లిష్ ఫైలు మీద టెస్ట్ చేస్తే ఈ తప్పు జన్మలో దొరకదు.

తెలుగులో దొరకనిది ఇంకోటి ఉంది. రీడ్ మెథడ్ ఒక్క బైటు ఇస్తుంది కదా, మరి రిటర్న్ టైపు ఇంట్ ఎందుకు? 0 నుంచి 255 దాకా బైటు విలువలు, అయిపోతే మైనస్ 1. ఇవన్నీ బైట్‌లో పట్టవు. ఒకరు దాన్ని తెచ్చి బైట్‌లో పెట్టి అప్పుడు మైనస్ 1తో పోల్చారు. జావా బైట్‌లో 255 అంటే మైనస్ 1 అయిపోతుంది. యూటీఎఫ్-8లో 255 ఎప్పుడూ రాదు కాబట్టి టెక్స్ట్ ఫైళ్లన్నీ బ్రహ్మాండంగా కాపీ అయ్యాయి. ఫొటో కాపీ చేయబోతే సున్నా బైట్ల ఫైలు. జేపెగ్ ఫొటోలో మొట్టమొదటి బైటే 255.

సరే, టైమ్ అవుతోంది. నవ్వుకోవడానికి ఒకటి. విండోస్‌లో డి డ్రైవ్‌లో ఊరి పేరుతో ఫోల్డర్ పెట్టి, కోడ్‌లో వెనక్కి వాలిన గీత పెట్టి ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో నల్గొండ అని రాయండి. కంపైల్ అవుతుంది. నడిపితే ఫైలు దొరకలేదంటుంది, ఎందుకంటే ఆ గీత, పక్కన ఎన్ కలిసి కొత్త లైను అయిపోయాయి. మిర్యాలగూడవాళ్లు రాస్తే అసలు కంపైలే కాదు, ఆ గీత పక్కన ఎమ్ అంటే జావాకు తెలియదు. మహబూబ్‌నగర్‌వాళ్లదీ అంతే. భువనగిరివాళ్లది కంపైల్ అయి బ్యాక్‌స్పేస్ వస్తుంది. నన్నడిగితే మిర్యాలగూడవాళ్లే అదృష్టవంతులు, తప్పు అక్కడికక్కడే దొరికింది. గీత రెండుసార్లు పెట్టండి, లేదంటే ముందుకు వాలిన గీత పెట్టండి, విండోస్‌లో కూడా జావా ఒప్పుకుంటుంది.

ఆ, ప్రశ్నలు అడగండి.

(ఒకబ్బాయి: అన్నా, ఇప్పుడు అంతా డేటాబేస్‌లోనే పెడుతున్నారు కదా, ఈ ఫైళ్లు ఎవరికి కావాలి?)

తమ్ముడూ, డేటాబేస్ దాచేది ఎక్కడ? ఫైళ్లలోనే. నేను చెప్పిన సింక్ గొడవంతా అది నీ తరఫున పడుతోంది కాబట్టి నీకు కనిపించట్లేదు. లాగ్ ఫైలు, అప్‌లోడ్ చేసిన ఫొటో, బ్యాంకుకు పోయే జాబితా, సర్వర్‌తో మాట్లాడే సాకెట్, అన్నీ స్ట్రీములే. మూయకుండా తెరుస్తూ పోతే సర్వర్ ఏమంటుందో తెలుసా? "టూ మెనీ ఓపెన్ ఫైల్స్". చాలా లినక్స్ మెషిన్లలో ఒక ప్రోగ్రామ్‌కు మామూలుగా 1,024 ఇస్తారు. ల్యాబ్‌లో పది తెరిచి మర్చిపోయినా ఏం కాదు, సర్వర్ మీద మూడో రోజు రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది.

(ఇంకో అబ్బాయి: సీరియలైజేషన్ చెప్పలేదు సార్, సిలబస్‌లో ఉంది.)

ఉంది. ఆబ్జెక్టును ఉన్నదున్నట్టు బైట్లు చేసి దాచడం. పరీక్షకు చదువుకో, పనిలో వాడకు. క్లాస్ కొంచెం మారిస్తే పాత ఫైలు తెరుచుకోకపోవచ్చు, ఎవరో పంపిన బైట్లను అట్లా విప్పితే లోపల ఏముందో తెలియక సెక్యూరిటీ దెబ్బ తింటావు. టెక్స్ట్ రాసుకో, నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంటితో చూసుకోవచ్చు. నా తప్పు నాకు దొరికింది ఆ ఫైలు టెక్స్ట్ కాబట్టే.

(ఒకమ్మాయి: సార్, ఆ 137వ రైతుకు పైసలు వచ్చాయా?)

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా చెల్లె. వచ్చాయి, నాలుగు రోజులు ఆలస్యంగా. 136 మందికి ముందు పడ్డాయి. ఆయన రసీదు జేబులో పెట్టుకుని సెంటర్‌కు వచ్చాడు, పిల్లగాడు ఆయన్ని బండి మీద ఎక్కించుకుని మా ఇంటికే తీసుకొచ్చాడు. స్క్రీన్ మీద ఫైలు తెరిచి చూపించాను. ఆయన వంగి చూసి, "ఇంటిపేరు ఉన్నది బిడ్డా, నా పేరు సగమే ఉన్నది, కడమ సగం యాడ పోయింది?" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు, కంప్యూటర్ తప్పు అన్నాను. ఇప్పుడైతే చెప్పేవాణ్ణి. ఆయన లైనులో మిగిలిన 28 బైట్లు ఎన్‌కోడర్ తొట్టిలో అన్నిటికంటే ముందు వరసలో కూర్చుని ఉన్నాయి, తూము ఎత్తేవాడు లేక.

కొత్త ఫైలు తయారయ్యాక మళ్లీ తెరిచి, 137వ లైను పైకి చదివి ఆయనకు వినిపించాను. బస్తాలు కూడా సరిచూసుకుని, చాయ్ తాగి పోయాడు.